కుక్కకు సరిపడేది పిల్లికి సరిపడదు: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెంపుడు జంతువుల ఆరోగ్యం

సంక్షిప్తంగా: పెంపుడు కుక్కకో పిల్లికో ప్రాణం మీదికి వచ్చినప్పుడు కారణం అరుదైన రోగమే కానక్కర్లేదు. మనుషులకు వాడే జ్వరం మాత్ర, గేదెలకు పూసే గోమార్ల మందు, రాత్రి మిగిలిన పులుసు, వయసు కుదరకుండా వేయించిన టీకా కూడా ఆ పని చేయగలవు. మనిషి, పశువు, కుక్క, పిల్లి శరీరాలు ఒక్కొక్కటీ ఒక్కో తీరులో పనిచేయడమే ఇందుకు మూలం. దీనికి తోడు కోస్తా ఉక్కపోత, మెట్ట ప్రాంతపు ఎండ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలు ఈ రెండు జిల్లాల్లో సంరక్షణ పద్ధతుల్ని కొంత మార్చుకోవలసిన అవసరాన్ని తెస్తున్నాయి.

పాడిపశువుల వైద్యం నీడలో

నెల్లూరు, ప్రకాశం జిల్లాలకు పశువైద్యం కొత్త విషయం కాదు. ఒంగోలు జాతి పశువులకూ, నెల్లూరు జాతి గొర్రెలకూ ఉన్న పేరు దేశం దాటింది. చదలవాడ పశుక్షేత్రం, చింతలదేవిలోని జాతీయ కామధేను సంతానోత్పత్తి కేంద్రం ఈ నేలమీదే ఉన్నాయి. అయితే ఈ వ్యవస్థ అంతా పాడికీ, దుక్కికీ, మాంసానికీ ఉపయోగపడే జంతువుల చుట్టూ పెరిగింది. పల్లెలోని పశువైద్యశాలలో గాలికుంటు టీకా, చిటుక రోగం టీకా, గొర్రెల నట్టల మందు దొరికినంత సులువుగా పిల్లికి వేయవలసిన మూడు రోగాల టీకా దొరకదు.

కుక్కలను, పిల్లులను పెంచే తీరు మాత్రం ఈలోగా మారింది. కుక్క వాకిట్లో కాపలాకూ, పిల్లి వడ్ల బస్తాల దగ్గర ఎలుకలకూ పరిమితమైన రోజుల్లో వాటి తిండి, వైద్యం ఎవరూ పెద్దగా పట్టించుకునేవారు కారు. ఇప్పుడు ఒంగోలు, నెల్లూరు, కావలి అపార్ట్‌మెంట్లలో లాబ్రడార్, షిట్జు, పగ్ జాతి కుక్కలు, పర్షియన్ పిల్లులు మనుషులతోపాటే గదుల్లో ఉంటున్నాయి. మక్కువ పెరిగిన వేగంతో వాటి శరీర ధర్మాల గురించిన ఎరుక పెరగలేదు. ఆ ఖాళీని పూరిస్తున్నవి రెండు: ఇంటి మందుల డబ్బా, పశువుల మందుల దుకాణం. ఈ రెంటిలోనూ ఉన్నవి వేరే శరీరాల కోసం తయారైన మందులు.

టీకా వేయించినా కుక్కపిల్ల ఎందుకు చనిపోతుంది?

కుక్కపిల్లను కొనితెచ్చిన కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్న ఇది. టీకా వేయించామని అమ్మినవారు చెబుతారు, పుస్తకంలో ముద్ర కూడా ఉంటుంది, అయినా పది రోజులు తిరగకముందే పిల్లకు వాంతులు, దుర్వాసనతో కూడిన నెత్తుటి విరేచనాలు మొదలవుతాయి. దీనికి టీకా నకిలీదన్న అనుమానమే మొదట వస్తుంది గానీ, అసలు కారణం చాలాసార్లు తల్లి పాలలో ఉంటుంది.

పుట్టిన మొదటి రోజు తాగిన ముర్రుపాల ద్వారా పిల్లకు తల్లి నుంచి యాంటీబాడీలు అందుతాయి. ఈ నెత్తుటి విరేచనాలు తెచ్చే పార్వో వైరస్‌ను ఇవి అడ్డుకుంటాయి. టీకాలో ఉండేదీ బలహీనపరచిన అదే వైరస్ కాబట్టి దాన్ని కూడా శత్రువుగానే భావించి తుడిచిపెట్టేస్తాయి. వారాలు గడిచేకొద్దీ ఈ యాంటీబాడీలు తగ్గుతూ వస్తాయి. అలా తగ్గే క్రమంలో, అసలు వైరస్‌ను ఆపడానికి చాలనంత తక్కువగా, టీకాను పనిచేయనీయకుండా చేయడానికి సరిపోయేంత ఎక్కువగా ఉండే ఒక దశ వస్తుంది. ఆ కొద్ది వారాల్లో పిల్లకు ఏ రక్షణా ఉండదు. ఆ దశ ఒక్కో పిల్లకు ఒక్కో వయసులో వస్తుంది, ఒకే ఈతలో పుట్టిన పిల్లల మధ్య కూడా తేడా ఉంటుంది. అందుకే 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3 నుంచి 4 వారాల ఎడంతో, 16 వారాల వయసు నిండేదాకా టీకా మళ్లీ మళ్లీ వేయాలని పశువైద్యులు చెబుతారు. ఆ తర్వాత ఏడాదికి మరొకటి ఉంటుంది. నెల, నెలన్నర వయసులో వేసిన ఒక్క సూదిని పూర్తి రక్షణగా లెక్కగట్టడం వల్లే ఎక్కువ నష్టం జరుగుతోంది.

పార్వో వైరస్ 1978లో ప్రపంచం దృష్టికి వచ్చి, అతి తక్కువ కాలంలో ఖండాలు దాటింది. అది శరీరంలో వేగంగా విభజన చెందే కణాలను వెతుక్కుంటుంది. పేగు లోపలి పొరను ఎప్పటికప్పుడు పునర్నిర్మించే కణాలు, ఎముక మజ్జలోని కణాలు అలాంటివే. పేగు పొర ఊడిపోవడంతో నీరు, నెత్తురు బయటికి పోతాయి, పేగులోని బ్యాక్టీరియా రక్తంలోకి చేరుతుంది. సరిగ్గా అప్పుడే మజ్జ దెబ్బతిని తెల్లకణాలు పడిపోతాయి. పిల్లను వైరస్ కంటే ముందు నీటి నష్టం, రక్తంలో చేరిన బ్యాక్టీరియా చంపుతాయి. అందువల్ల చికిత్స అంతా సెలైన్, వాంతుల నివారణ, యాంటీబయాటిక్‌ల మీద నడుస్తుంది. ఎంత త్వరగా మొదలుపెడితే అంత ఆశ ఉంటుంది, మజ్జిగ పట్టించి ఒక రోజు చూద్దామనుకుంటే ఆ రోజే చేజారిపోవచ్చు.

ఈ వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. ఇంట్లో వాడే మామూలు ఫినాయిల్‌కు చావదు. ఒక వంతు బ్లీచింగ్ ద్రావణాన్ని 30 వంతుల నీటిలో కలిపి, శుభ్రంగా కడిగిన గచ్చుమీద పది నిమిషాలు ఉంచితే నశిస్తుంది. ఒక పిల్ల చనిపోయిన ఇంటికి, దిగులు తీర్చుకోవడానికి నెల తిరగకుండా మరో పిల్లను తెచ్చినప్పుడు అదీ అదే దారి పట్టడం వెనుక ఉన్న రహస్యం ఇంతే. పిల్లుల్లో వచ్చే పాన్‌ల్యూకోపీనియా కూడా పార్వో కుటుంబానికి చెందినదే, దాని టీకాకూ ఇదే లెక్క వర్తిస్తుంది. ఇంటి గడప దాటని పిల్లికి టీకా దేనికన్న ప్రశ్నకు సమాధానం చెప్పుల అడుగున ఉంటుంది.

శీతల గొలుసు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఈ టీకాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో ఒంగోలులో కొన్న టీకాను ఐసు లేని సంచిలో పెట్టుకుని బస్సులో కనిగిరి దాకా తీసుకెళ్తే సీసాలో మందు ఉంటుంది గానీ, దానికి పనిచేసే గుణం ఉంటుందన్న భరోసా లేదు.

రేబిస్: టీకా వేసిన కుక్క, కోర్టు తీర్పులు, కొన్ని అపోహలు

వీధికుక్కలపై సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ పరిసరాలకు ఇచ్చిన ఆదేశం, దాన్ని సవరిస్తూ ఆగస్టు 22న ఇచ్చిన ఆదేశం, పాఠశాలలు, ఆసుపత్రులు, బస్టాండ్ల వంటి చోట్ల నుంచి కుక్కలను తరలించాలంటూ నవంబరు 7న ఇచ్చిన ఆదేశం పెంపుడు కుక్కలున్నవారిలోనూ సందేహాలు రేపాయి. ఆ ఆదేశాలు వీధికుక్కలకు సంబంధించినవి. కానీ మెడకు పట్టీ లేకుండా రోజంతా వీధిలో తిరిగి, రాత్రికి అన్నం వేళకు ఇల్లు చేరే కుక్క మన ఊళ్లలో చాలా ఉంది. దాన్ని పట్టుకునే సిబ్బందికి అది ఎవరిదో తెలిసే వీలు లేదు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు పెంపుడు జంతువుల టీకాలు, నట్టల నివారణ, కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల బాధ్యతను యజమానిపైనే ఉంచాయి. మెడపట్టీ మీద ఫోన్ నంబరు, ఇంట్లో టీకా పుస్తకం, పురపాలికలో నమోదు ఉంటే కుక్క ఎవరిదన్న వివాదం అక్కడితో తేలిపోతుంది.

రేబిస్ వైరస్ రక్తంలో కాకుండా నరాల వెంబడి మెదడు వైపు పాకుతుంది. కాలిమీద కాటు కంటే ముఖంమీద, చేతివేళ్లమీద కాటు ప్రమాదకరం కావడానికి కారణం మెదడుకు ఉన్న దూరం, ఆ భాగాల్లో నరాలు దట్టంగా ఉండటం. వైరస్ నరంలోకి చేరకముందే దాన్ని ఆపాలి. గాయాన్ని సబ్బుతో ధారగా పారే నీటి కింద 15 నిమిషాలు కడగాలని చెప్పేది ఇందుకే. సబ్బు ఆ వైరస్ పైనున్న కొవ్వు పొరను చెదరగొడుతుంది. పసరు కట్టడం, కారం, సున్నం అద్దడం వల్ల గాయం రేగి వైరస్ మరింత లోపలికి పోయే అవకాశం ఉంది. లక్షణాలు కనబడ్డాక బతికినవారు ప్రపంచంలోనే వేళ్లమీద లెక్కించదగినంత మంది.

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు అన్న భయం పెద్దవారిలో ఇంకా ఉంది. మెదడు కణజాలంతో చేసిన ఆ పాత టీకాను దేశంలో వాడటం మానేసి రెండు దశాబ్దాలైంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఇప్పుడు చర్మంలోకి ఇచ్చే టీకాను 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. నెత్తురు వచ్చేలా కరిచినప్పుడు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల మందు) కూడా అవసరమవుతుంది, ఎందుకంటే టీకా ప్రభావం మొదలవడానికి వారానికి పైగా పడుతుంది, ఈలోపు రక్షణ బయటి నుంచి అందాలి.

టీకా వేయించిన ఇంటి కుక్కే కరిస్తే సూదులు అక్కర్లేదన్నది మరో అపోహ. కరిచిన కుక్కను, పిల్లిని 10 రోజులు గమనించమనడంలో తర్కం ఉంది: వైరస్ లాలాజలంలోకి వచ్చాక అవి ఆ వ్యవధికి మించి ఆరోగ్యంగా ఉండవు. అయితే గమనిస్తూనే మనిషికి టీకా మొదలుపెట్టాలి, పది రోజులు ఆగి మొదలుపెట్టకూడదు. కుక్కకు మొదటి రేబిస్ టీకా 3 నెలలు నిండాక వేసి, ఏడాదికోసారి కొనసాగిస్తారు. పిల్లికీ అంతే. పిల్లి విషయంలో దీన్ని మరచిపోవడమే ఎక్కువగా కనిపిస్తుంది.

అదే ఎండ, రెండు రకాల దెబ్బ

కుక్క శరీరానికి చెమట దాదాపు పట్టదు. అరికాళ్ల మెత్తల్లో కొద్దిపాటి స్వేద గ్రంథులు తప్ప, వేడిని వదిలించుకునే ప్రధాన మార్గం వగర్చడం. నాలుక, నోరు, ముక్కు లోపలి తడి ఆవిరైపోతూ శరీరపు వేడిని తీసుకుపోతుంది. ఈ పద్ధతి గాలిలోని తేమ మీద పూర్తిగా ఆధారపడి ఉంటుంది, ఇక్కడే ఈ రెండు జిల్లాల భౌగోళికం అడ్డు వస్తుంది.

మార్కాపురం, కనిగిరి, ఉదయగిరి వైపు రోహిణి కార్తెలో ఎండ 44 డిగ్రీలు దాటినా గాలి పొడిగా ఉంటుంది. నీడ, నీళ్లు ఉన్నంతసేపు కుక్క వగర్పు ఫలిస్తుంది, కాకపోతే నీరు వేగంగా ఖర్చవుతుంది. అక్కడి ప్రమాదం ఎండిపోయిన నీళ్ల గిన్నె. కావలి, అల్లూరు, సింగరాయకొండ వైపు పాదరసం 38 దగ్గరే ఆగవచ్చు. కానీ సముద్రపు గాలి తెచ్చే తేమ వల్ల నోటిలోని తడి ఆవిరి కాదు. కుక్క మరింత వేగంగా వగరుస్తుంది, ఆ కండరాల శ్రమ వల్ల మరింత వేడి పుడుతుంది. నీళ్లు ఎదురుగా ఉన్నా వడదెబ్బ తగలడం ఈ రకానిది. ఉష్ణోగ్రత తక్కువగా ఉందన్న ధీమాతో సాయంత్రం అయిదింటికే కుక్కను పరుగుకు తీసుకెళ్లడం కోస్తాలో జరిగే పొరపాటు.

ముఖం చప్పిడిగా ఉండే పగ్, షిట్జు జాతులకు గాలిదారే ఇరుకు కాబట్టి వగర్చినా గాలి చాలినంత ఆడదు. పర్షియన్ పిల్లిదీ అదే అవస్థ. పిల్లి సాధారణంగా వగర్చదు. నోరు తెరిచి వగరుస్తున్న పిల్లిని చూస్తే ఆటలో అలసిందని నవ్వుకోకుండా వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి. మంచు దేశపు హస్కీని కొని, వేసవిలో బొచ్చు మొత్తం గొరిగించడం ఈ మధ్య కనబడుతోంది. రెండు పొరల బొచ్చు ఎండనుంచి చర్మాన్ని కాపాడే తెర కూడా కాబట్టి, దువ్వి లోపలి ఊడిన బొచ్చును తీసేయడం గొరగడం కన్నా మేలు. అసలు ఈ తీరానికి హస్కీ ఎందుకన్న ప్రశ్న కొనేముందు వేసుకోవలసింది.

కుక్క మామూలు శరీర ఉష్ణోగ్రత 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. మనిషికి జ్వరం అనిపించే వెచ్చదనం దానికి సహజం. 41 దాటితే అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. అప్పుడు ఆసుపత్రికి పరుగెత్తడానికి ముందే కుళాయి నీళ్లు ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట కింద, తొడల మధ్య పోసి ఫ్యాను గాలి తగిలేలా చేయాలి. తడి తువాలు కప్పి ఉంచితే కాసేపటికి అదే వేడెక్కి దుప్పటిలా పనిచేస్తుంది. సిమెంటు రోడ్డు మీద నడిపించేముందు చేతి వెనుక భాగాన్ని నేలకు ఆనించి ఏడు సెకన్లు ఉంచగలరేమో చూస్తే చాలు. డాబా మీద రేకుల కింద కట్టేసిన కుక్కకు ఆ పరీక్ష కూడా అవసరం లేదు, దాన్ని అక్కడ ఉంచకూడదు.

పెరుగన్నం, పులుసు, ఉల్లిపాయ

కుక్క మనిషితో కలిసి బతికిన వేల ఏళ్లలో పిండిపదార్థాన్ని అరిగించుకోవడం నేర్చింది. గంజిని చక్కెరగా విడగొట్టే ఎంజైముకు సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉండగా, కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నట్లు 2013లో వెలువడిన పరిశోధన తేల్చింది. కాబట్టి అన్నంలో గుడ్డో మాంసమో కలిపి పెడితే కుక్క దిట్టంగానే బతుకుతుంది.

పిల్లికి ఈ సర్దుబాటు జరగలేదు. టారిన్ అనే పదార్థాన్ని అది తన శరీరంలో చాలినంత తయారు చేసుకోలేదు, మాంసం నుంచే పొందాలి. పాలన్నం, పెరుగన్నం మీదే పెంచిన పిల్లి బొద్దుగా కనిపిస్తూనే చూపు కోల్పోతుంది, గుండె కండరం సన్నబడి సాగిపోతుంది. ఈ గుండె జబ్బుకు టారిన్ లోపమే కారణమని 1987లో గుర్తించాకనే కంపెనీలు పిల్లి మేతలో దాన్ని ఎక్కువ కలపడం మొదలుపెట్టాయి. శాకాహార కుటుంబాల్లో పిల్లిని పెంచడానికి ఇది తీర్చుకోవలసిన చిక్కు. టారిన్ నీటిలో కరుగుతుంది కాబట్టి చికెన్ ఉడికించిన నీళ్లు పారబోయకుండా దానితోనే పెట్టాలి. పచ్చి కవళ్లు, నెత్తళ్లు రోజూ వేస్తే వాటిలోని ఒక ఎంజైము బి1 విటమిన్‌ను నాశనం చేస్తుంది, ఉడికిస్తే ఆ ఎంజైము పోతుంది.

ఉల్లి, వెల్లుల్లి సంగతి దీనికి విరుద్ధం, ఉడికించినా వాటి విషం పోదు. వాటిలోని గంధక పదార్థాలు ఎర్రకణాలను లోపల నుంచి దెబ్బతీస్తాయి. పిల్లికి కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లిపాయ చాలు. నీరసం, పాలిపోయిన చిగుళ్లు కొన్ని రోజుల తర్వాత బయటపడతాయి కాబట్టి ఆదివారం పెట్టిన కూరకూ గురువారం వచ్చిన జబ్బుకూ ముడిపెట్టడం ఎవరికీ తోచదు.

చింతపండు విషయం ఇటీవలే వెలుగులోకి వచ్చింది. ద్రాక్ష, కిస్‌మిస్ తిన్న కుక్కలకు మూత్రపిండాలు ఎందుకు చెడిపోతాయో చాలా కాలం అంతుబట్టలేదు. అందులోని టార్టారిక్ ఆమ్లమే కారణం కావచ్చని అమెరికాలోని పశువైద్యులు 2021లో ప్రతిపాదించారు. చింతపండు తిన్న కుక్కల్లోనూ అదే రకం హాని కనబడటం ఆ ప్రతిపాదనకు బలమిచ్చింది. చింతపండు పులుపులో ప్రధానమైనది ఈ ఆమ్లమే. చేపల పులుసుకు పేరుమోసిన నెల్లూరులో, మిగిలిన పులుసు కలిపిన అన్నం కుక్కకు పెట్టడం వింతేమీ కాదు. అందులో చింతపండు, ఉల్లిపాయ, ఉప్పు, ముల్లు నాలుగూ ఉంటాయి. పులుసు కాచకముందే నాలుగు ముక్కలు విడిగా ఉడికించి ముల్లు తీసి పెడితే ఈ చిక్కులేవీ ఉండవు.

ఇంటి మాత్ర, కొట్టం మందు

పిల్లి ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ ముక్క వేయడం మంచి ఉద్దేశంతో జరిగే విషప్రయోగం. మనిషి కాలేయం ఈ మందును గ్లూకురోనిక్ ఆమ్లంతో జతచేసి మూత్రం ద్వారా పంపేస్తుంది. పిల్లిలో ఆ పని చేయవలసిన జన్యువు చెడిపోయి ఉంటుంది. దాంతో మందు మరో దారి పట్టి విషంగా మారి, ఆక్సిజన్ మోసే హీమోగ్లోబిన్‌ను పనికిరాని రూపంలోకి మారుస్తుంది. కొద్ది గంటల్లో పిల్లి మూతి, పాదాలు వాస్తాయి, పెదవి పైకెత్తి చూస్తే లేత గులాబీ రంగులో ఉండవలసిన చిగుళ్లు మట్టి రంగులో కనిపిస్తాయి. ఒక్క 500 మిల్లీగ్రాముల మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. విరుగుడు మందు ఉంది, కానీ ఆలస్యమైతే ఫలించదు. వైద్యుడికి ఏం వేశారో దాచకుండా చెప్పడం చికిత్సలో సగభాగం. కుక్కలకు ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు, మూత్రపిండాల నష్టం కలిగిస్తాయి.

పిల్లి కాలేయంలోని ఇదే లోపం గోమార్ల మందుల దగ్గర మళ్లీ ఎదురవుతుంది. గేదెలకు వాడే డెల్టామెత్రిన్ ద్రావణం, కుక్కల మెడమీద వేసే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి తగిలితే వణుకు, మూర్ఛలు వస్తాయి. కుక్కకు వేసిన రోజు దాని పక్కన పడుకున్న పిల్లికి కూడా ఈ ముప్పు ఉంది. పశువులకిచ్చే ఐవర్‌మెక్టిన్ సూదిని కుక్కకు అంచనా మీద పొడవడం మరో అలవాటు. మందును మెదడులోకి రానీయకుండా ఆపే వ్యవస్థలో కోలీ వంశపు కుక్కల్లో చాలావాటికి జన్యులోపం ఉండటం వల్ల ఆ సూది వాటిని కోమాలోకి తీసుకెళ్లగలదు.

గోమార్లు ఎన్నిసార్లు ఏరినా ఎందుకు తగ్గవంటే, వాటి సంసారం కుక్కమీద కంటే గోడలో ఎక్కువ. నెత్తురు తాగి శనగగింజంత ఉబ్బిన ఆడ గోమారి కుక్కను వదిలి గోడెక్కి, తలుపు చట్రం సందుల్లో, కప్పు మూలల్లో వేల గుడ్లు పెడుతుంది. పిల్లదశలు ఒక్కొక్కటీ కుక్కమీదికెక్కి తాగి, దిగి, కుబుసం విడిచి మళ్లీ ఎక్కుతాయి. కుక్కకు మందు, గోడ సందులకు మందు రెండూ పడితేనే ఈ చక్రం తెగుతుంది. గోమారి కాటుతో వచ్చే ఎర్లీషియా జ్వరంలో ప్లేట్‌లెట్లు పడిపోయి ముక్కు నుంచి నెత్తురు కారుతుంది. డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన రెండు మూడు రోజులకే కుక్క లేచి తింటుంది, అప్పుడే యజమాని మందు ఆపేస్తాడు. నాలుగు వారాలు వాడవలసినదాన్ని వారంలో మానేస్తే క్రిమి ఒంట్లోనే మిగిలి నెలల తర్వాత తిరగబెడుతుంది.

మాంసం దుకాణం దగ్గర మొదలయ్యే చక్రం

జోడిపి, పల్ల, దొర రకాల గొర్రెలు మేసే ఈ నేలలో కుక్కకూ గొర్రెకూ మధ్య తిరిగే ఒక బద్దెపురుగు గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. కొన్ని మిల్లీమీటర్లే ఉండే ఆ పురుగు కుక్క పేగులో ఉండి మలంతో గుడ్లు వదులుతుంది. గడ్డితోపాటు వాటిని మింగిన గొర్రె కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు పెరుగుతాయి. కోసినప్పుడు ఆ తిత్తులున్న భాగాన్ని పనికిరాదని కుక్కలకు విసిరేస్తారు, చక్రం పూర్తవుతుంది. గుడ్లు అంటిన చేతిని కడగకుండా అన్నం తిన్న మనిషి గొర్రె స్థానంలోకి వస్తాడు. మనిషి కాలేయంలో తిత్తి ఏళ్ల తరబడి మౌనంగా పెరిగి, శస్త్రచికిత్స దాకా తెస్తుంది. వ్యర్థాలను బాగా ఉడికించకుండా కుక్కకు వేయకపోవడం, మిగిలినవి లోతుగా పూడ్చడం, ప్రాజిక్వాంటెల్ కలిసిన నట్టల మందు వాడటం దీనికి విరుగుడు. కుక్కపిల్లల ఏలికపాములకిచ్చే మామూలు నట్టల మందు ఈ పురుగుమీద పనిచేయదు.

గర్భిణి ఉన్న ఇంట్లో పిల్లి ఉండకూడదన్న భయానికి మూలం, కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే క్రిమి. పిల్లి ఈ క్రిమిని సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి నుంచి మూడు వారాలపాటు మాత్రమే మలంలో వదులుతుంది, అది సోకే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. మలాన్ని ఏరోజుకారోజు వేరొకరు తీసేస్తే, పిల్లికి పచ్చిమాంసం పెట్టకపోతే పిల్లిని వదిలేయనక్కర్లేదు. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయల వల్ల వచ్చే ప్రమాదం చిన్నదేమీ కాదు.

వానలు అక్టోబరులో వస్తాయి కాబట్టి

నెల్లూరు జిల్లాకు వానలో పెద్దభాగం ఈశాన్య రుతుపవనాలదే, ప్రకాశం తీరానికీ ఆ నెలలు కీలకం. ఎలుకల మూత్రంతో వ్యాపించే లెప్టోస్పైరా బ్యాక్టీరియా తడినేలలో వారాలపాటు బతుకుతుంది. పెన్నా కింద వరిపొలాల గట్లమీద తిరిగే కుక్కకు, దాని ద్వారా మనిషికి, ఇది సోకే కాలం అదే. కుక్కల టీకాల్లో లెప్టో భాగం ఇచ్చే రక్షణ సుమారు ఏడాది మాత్రమే. అది మొదట్లో బలంగా ఉండి తర్వాత సన్నగిల్లుతుంది. కాబట్టి ఏడాది టీకాను ఆగస్టు, సెప్టెంబరులకు జరుపుకుంటే ఇక్కడి వానలకు కుదురుతుంది.

వానలకు పుట్టల్లోంచి పాములు బయటికొస్తాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర కాట్లకు మనుషులకిచ్చే విషహరమే కుక్కకూ పనిచేస్తుంది. గుడ్డతో బిగించి కట్టడం, కోయడం మేలు చేయవు.

వరదల్లో చనిపోయే పెంపుడు కుక్కలకు తరచుగా గొలుసే శత్రువు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు, పడుగుపాడు ప్రాంతాలు మునిగినప్పుడూ, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడూ ఈ తీరవాసులు ఇళ్లు వదలవలసివచ్చింది. అలాంటి వేళ వెంట తీసుకెళ్లడమే మంచిది. అది కుదరనప్పుడు కుక్కను కట్టేసి, పిల్లిని గదిలో పెట్టి తాళం వేసి వెళ్లకూడదు. పిల్లిని చేతుల్లో ఎత్తుకుని పోవడం జరగని పని, మూత ఉన్న బుట్టను వానాకాలానికి ముందే ఇంట్లో ఉంచి దానిలో పడుకోవడం అలవాటు చేయాలి. నీళ్లు తీసిన తర్వాత మూడు వారాల దాకా కుక్కకు జ్వరం, వాంతులు, పచ్చబడిన కళ్లు కనిపిస్తే అది వరదనీటిలో తిరిగిన సంగతి వైద్యుడికి చెప్పాలి. లెప్టో పొదిగే కాలం ఆ వ్యవధిలోనే ఉంటుంది, ముందుగా పోల్చుకుంటే మామూలు యాంటీబయాటిక్‌లకే లొంగుతుంది. ఆ రోజుల్లో కుక్క మూత్రాన్ని చేతొడుగులు లేకుండా కడగకూడదు.